అతికిన చోటు

ఫిబ్రవరి 3, 2025, సోమవారం

ఖమ్మం నుంచి ఉదయ్ భాస్కర్ గారు జీపు తీసుకుని వచ్చారు. ఖానాపురం హవేలిలో ఇల్లు, ప్రభుత్వ ఉద్యోగం. పాత ఫోర్-వీల్ జీపు ఈ మధ్యే కొన్నారు. దాని ముందు భాగం నాలుగంగుళాలు లేపాలట. ఆదివారాలు భార్యనూ కూతురినీ ఎక్కించుకుని భద్రాచలం అవతల అడవి దారుల్లో తిరగాలని కోరిక. రాళ్ళు ఇంజను అడుగుకు తగలకూడదు. కొత్త సామాను కొనరట. ఎవరిదో పాడైన జీపు ముందు భాగం తుక్కులో దొరికింది, దాని కమాన్ కట్టలు, షాకిల్ పట్టీలు, స్టీరింగు సామాను విప్పి దీనికి బిగించాలన్నారు.

"ఆ జీపును కూడ ఎవరో లేపిండ్రన్నా. అంత తయారుగ ఉన్నది. ఆడ విప్పుడు, ఈడ బిగించుడు, గంతే."

సరే అన్నాను. పెనుబల్లి చుట్టుపక్కల ఈ పని తెలిసినవాణ్ని నేనొక్కణ్ణే. నా డైరీలో నేను రాసుకుంటే తప్పేమీ లేదు.

ఫిబ్రవరి 6, గురువారం

తుక్కు సామాను ట్రాలీ ఆటోలో వచ్చింది. ముందు ఇరుసు, రెండు కమాన్ కట్టలు, చిన్న సామానంతా ఒక గోనెసంచిలో. షెడ్డు మూలన దింపించాను. రేపు మొదలుపెట్టాలి.

ఫిబ్రవరి 7

పని చేయలేదు. తలనొప్పి అని ఇంట్లో పుల్లమ్మకు చెప్పాను.

ఫిబ్రవరి 8, శనివారం

షాకిల్ పట్టీలు నేను చేసినవే.

నిన్ననే చూశాను. నిన్న రాయలేదు. స్ప్రింగులా పనిచేసే కమాన్ కట్టను చాసిస్‌కు వేలాడదీసే ఈ ఇనప పట్టీలను పొడవు చేస్తే జీపు ముందు లేస్తుంది. నేను వాటిని లారీ చాసిస్ ముక్క నుంచి కోసి, మూలలు గుండ్రంగా అరగదీస్తాను. అప్పట్లో ఒక పట్టీకి కన్నం తప్పు చోట పడితే వెల్డింగుతో మూసి, పక్కన ఇంకొకటి వేశాను. ఆ మూసిన కన్నం బొడ్డులా ఉబ్బి ఉంది. వేలు పెట్టి చూశాను.

మురళీకృష్ణ జీపు ఇది. సత్తుపల్లిలో ఉండే తునికాకు కాంట్రాక్టరు. దుమ్ముగూడెం అవతల గుంపులనే కోయ పల్లెల దారిలో తిరగడానికి 2022 ఆగస్టులో నా దగ్గర ముందు భాగం లేపించుకున్నాడు. డ్రైవరు పగిడయ్య, ఆ గుంపుల మనిషే. పని జరిగిన రెండు రోజులూ ఇక్కడే ఉన్నాడు. పుల్లమ్మ పెట్టిన అన్నం తిన్నాడు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో, సంతకు మనుషులను ఎక్కించుకుని వస్తూ, వాగు మలుపులో జీపును రాళ్ళలో పడేశాడు. తాగి నడిపాడు. ఆయన సొంత అక్క గోరి ఆ జీపులోనే చనిపోయింది. నలుగురికి కాళ్ళూ చేతులూ విరిగాయి.

పడిన జీపు తుక్కుకు పోతుంది. తుక్కు ఎక్కడికో ఒక చోటికి వస్తుంది. నా దగ్గరికి వచ్చింది. ఇందులో వింతేముంది.

సంచి విప్పలేదు.

ఫిబ్రవరి 9, ఆదివారం

చర్చికి వెళ్ళి వచ్చాము. దారిలో పుల్లమ్మ అడిగింది. "ఏమయ్యా, పాట పాడుతుంటె నోరు కూడ కదపలేదు, ఏంది?"

గొంతు బాగాలేదన్నాను.

ఫిబ్రవరి 10

సంచి విప్పాను. అడుగున స్టీరింగు రాడ్డు ఉంది. రెండు ముక్కలు.

జీపు ముందు భాగం లేపితే, స్టీరింగు పెట్టె నుంచి చక్రానికి పోయే రాడ్డు చాలదు. అప్పుడు పొడుగు రాడ్డు దొరకలేదు. రెండు రాడ్లు కోసి, అతుకు మీద పైపు ముక్క తొడిగి వెల్డింగు చేశాను. స్టీరింగు రాడ్డును మాత్రం ఎన్నడూ అతకొద్దని నాకు పని నేర్పిన మేస్త్రీ అనేవాడు. ఆయన కాలంలో సామాను దొరికేది. ఇప్పుడు అందరూ అతుకుతున్నారు.

విరిగింది సరిగ్గా ఆ పైపు అంచు దగ్గర.

పడ్డప్పుడు విరిగి ఉంటుంది. అన్ని రాళ్ళలో పడిన జీపులో ఏది మిగులుతుంది?

ఫిబ్రవరి 11

పడ్డప్పుడే విరిగి ఉంటుంది.

ఫిబ్రవరి 12, బుధవారం

కిరసనాయిలులో గుడ్డ తడిపి విరిగిన చోటును తుడిచాను. ముక్క ముఖం సగం ఎర్రటి తుప్పు. సగం నలుపు. మసి అనుకుని గోటితో గీకాను. పొరలా లేచింది. రంగు.

రంగు రాడ్డు పైన ఉండాలి. విరిగిన ముఖం మీదికి, లోపలికి, ఎలా వచ్చింది?

స్టూలు మీద కూర్చుండిపోయాను. పుల్లమ్మ అన్నానికి రెండుసార్లు పిలిచిందట.

2022 డిసెంబరులో ఫిట్‌నెస్ పాస్ చేయించడానికి ఆ జీపు మళ్ళీ నా దగ్గరికే వచ్చింది. కిందంతా కడిగి నల్లరంగు కొట్టింది నేనే. అంటే డిసెంబరు నాటికే అక్కడ పగులు ఉంది. రంగు ఆ పగులులోకి దిగింది. తర్వాత రెండు నెలలు, మిగిలిన ఆ సగం ఇనుము మీద, మనుషులను ఎక్కించుకుని జీపు తిరిగింది.

నా బ్రష్షు ఆ పగులు మీదుగా పోయింది. నేను కిందే పడుకుని ఉన్నాను. నా ముఖానికి జానెడు దూరం.

పగిడయ్య అప్పుడు ఒకే మాట అన్నాడని విన్నాను. స్టీరింగు తిప్పితే చక్రం తిరగలేదని. నోట్లో కల్లు వాసన వస్తుంటే ఎవరు నమ్ముతారు? కేసు రాసుకున్నారు. అది ఇంకా నడుస్తోంది. అప్పట్లో ఒక హెడ్ కానిస్టేబుల్ నా షెడ్డుకూ వచ్చాడు. "బండి కండిషన్ ఎట్లుండె మేస్త్రీ?" అన్నాడు. "మంచిగనే ఉండె సార్," అన్నాను. ఆయన అంతే అడిగాడు. నేను అంతే చెప్పాను.

అబద్ధం చెప్పలేదు. నాకు తెలిసింది చెప్పాను.

ఫిబ్రవరి 13

అబద్ధం చెప్పలేదు.

ఫిబ్రవరి 14, శుక్రవారం

ఉదయ్ భాస్కర్ గారు ఫోన్ చేశారు. పని ఎంతవరకు వచ్చిందని.

"స్టీరింగు రాడ్డు విరిగి ఉన్నది సార్," అన్నాను.

"చూసినన్నా. అతుకు కాడ ఊడింది కదా. మళ్ళ అతికియ్యి. ముందు అతికినోడు ఎవడో గాని పనిమంతుడే, రంగు కూడ వేసిండు. నెలాఖరుకు మా పాప పుట్టినరోజు ఉన్నది. జల్దీ చెయ్."

పనిమంతుడు అన్నారు. నేను ఫోన్ పట్టుకుని నిలబడ్డాను. ఆయన రెండుసార్లు హలో అని పెట్టేశారు.

ఫిబ్రవరి 15, శనివారం

తెల్లవారి పళ్ళు తోముకుంటుంటే గుర్తొచ్చింది. నోట్లో నురగతోనే ఆగిపోయాను.

ఆ పైపు నుంచి రెండు ముక్కలు కోశాను. ఒక్కటి కాదు.

రెండో ముక్క వెంకటప్పయ్య గారి జీపుకు వేశాను. అదే ఆగస్టు, అదే వారం. సత్తుపల్లి అవతల వాళ్ళకు పామాయిల్ తోట. ఆ జీపులో రోజూ కూలి ఆడవాళ్ళు తోటకు వస్తారు, పోతారు. ఈ అయిదు రోజులుగా విరిగిన ముక్కను తిప్పి తిప్పి చూస్తున్నాను గానీ, రెండో ముక్క ఎక్కడుందన్న ఆలోచనే నాకు రాలేదు. ఎలా రాలేదు?

బండి మీద వెళ్ళాను. ఎలా వెళ్ళానో గుర్తు లేదు. నేను చేరేసరికి జీపు తోట గేటు దగ్గర ఆగి ఉంది. వెనక పదిమంది దాకా ఆడవాళ్ళు ఎక్కి కూర్చున్నారు, పక్క తోటకు పోవడానికి. వెంకటప్పయ్య గారు స్టీరింగు ముందు ఉన్నారు.

"ఏంటి సవరయ్యా, పిలవకుండానే వచ్చావు?"

"అందర్ని దింపండి సార్. కింద చూడాలె."

"సాయంత్రం చూద్దువుగాని లేవయ్యా. గెలలు కోసేది ఉంది."

"దింపండి," అన్నాను. గొంతు పెద్దగా వచ్చినట్టుంది. ఆడవాళ్ళు నా ముఖం చూసి వాళ్ళే దిగారు.

కిందికి దూరాను. అతుకు చుట్టూ మడ్డి పేరుకుని ఉంది. గుడ్డతో తుడిచి టార్చి వేశాను. పైపు అంచు వెంబడే వెంట్రుకలాంటి గీత. వేలు చుట్టూ తిప్పుతూ పోయాను. గీత ముప్పావు వంతు తిరిగింది.

రాడ్డు విప్పి బయటికి తెచ్చి, గేటు రాయి మీద ఒక చివర ఆనించి, సుత్తితో ఒక్క దెబ్బ వేశాను. పెద్ద దెబ్బ కూడా కాదు. రెండు ముక్కలై ఒకటి ఎగిరి ఆడవాళ్ళ కాళ్ళ దగ్గర పడింది.

వెంకటప్పయ్య గారు గేటు దిమ్మె మీద కూర్చున్నారు. "నిన్న సుశీలమ్మను దీంట్లోనే దవాఖానాకు తీసుకెళ్ళి వచ్చాను," అన్నారు. ఆయన భార్య. "సంగతి నీకెలా తెలిసింది సవరయ్యా?"

"అనుమానం వచ్చింది," అన్నాను.

"దేవుడిలా వచ్చావయ్యా," అన్నారు. నా చేయి పట్టుకున్నారు. ఆ చేయి విడిపించుకోవడం నాకు చేతకాలేదు.

ఫిబ్రవరి 16, ఆదివారం

చర్చికి పోలేదు.

ఫిబ్రవరి 18, మంగళవారం

పుల్లమ్మకు చెప్పాను. వంటింట్లో నిలబడే చెప్పాను. ఆమె బియ్యం ఏరుతోంది. చేతులు ఆగాయి.

"ఎవరికన్న చెప్పినవా?"

"లేదు."

"చెప్పకు. ఆ ముక్కలు ఏడనన్న పాతిపెట్టు. పోయినామె తిరిగొస్తదా? నువ్వు జైలుకు పోతె నేనూ పిల్లా ఏం కావాలె?"

మా అమ్మాయి అక్సా విజయవాడలో నర్సింగు చదువుతోంది. పుల్లమ్మ అన్నది నిజమే. పాతిపెడదామనే పార తీసుకుని దొడ్లోకి పోయాను. తవ్వలేదు. పార గోడకు ఆనించి వచ్చాను.

ఫిబ్రవరి 19

పొద్దున పుల్లమ్మ టీ గ్లాసు నా ముందు పెట్టి అక్కడే నిలబడింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"చనిపోయినామెకు పిల్లలున్నరా?"

"తెలియదు."

"రెండేండ్లయింది. ఎన్నడన్న అడిగినవా?"

"లేదు."

ఆమె లోపలికి పోయి కూరగాయల సంచి తెచ్చింది. షెడ్డులోకి పోయి ఆ రెండు ముక్కలూ తనే వెతికి అందులో వేసింది. సంచి నా చెప్పుల పక్కన పెట్టింది.

"ఆ పగిడయ్య మన ఇంట్ల అన్నం తిన్నోడు," అంది. అంతకు మించి ఏమీ అనలేదు.

ఫిబ్రవరి 22, శనివారం

నిన్న వెళ్ళాను. నిన్న రాయడానికి చేయి రాలేదు.

కొత్తగూడెంలో బస్సు మారి భద్రాచలం, అక్కడ నుంచి దుమ్ముగూడెం దాటి ఇంకో బస్సు. చివరి ఆరు కిలోమీటర్లు నడిచాను. వాగు మలుపు ఆ దారిలోనే ఉంది. అది అంత పెద్ద మలుపు కాదు. నేను చాలా పెద్దది అనుకున్నాను. సైకిల్ నేర్చుకునే పిల్ల కూడా తిప్పగలిగిన మలుపు.

పగిడయ్య ఇంటి ముందు వెదురు చీలుస్తున్నాడు. సన్నబడ్డాడు. నన్ను చూసి కత్తి పక్కన పెట్టాడు.

"మేస్త్రీ, ఇంత దూరం వస్తివేంది," అని మంచం వాల్చాడు. ఆయన భార్య బాలి నీళ్ళు తెచ్చింది.

నీళ్ళు తాగకుండానే సంచిలోంచి ముక్కలు తీసి మంచం మీద పెట్టాను. దారి పొడవునా కూర్చుకున్న మాటలు ఒక్కటీ రాలేదు.

"ఇది నీ జీపు స్టీరింగు రాడ్డు. అతుకు కాడ ముందే పగిలి ఉన్నది. నువ్వు ఎంత తిప్పినా చక్రం తిరగదు. నీ తప్పు లేదు పగిడయ్యా."

ఆయన ముక్కలను ముట్టుకోలేదు. చూస్తూ ఉన్నాడు. కోపం వస్తుందని, కొడతాడని అనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"నేను నిద్రపోయిన్నేమో అనుకున్న మేస్త్రీ," అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"మొదట్ల అందరికి చెప్పిన, స్టీరింగు తిరగలే అని. తాగినవ్ అన్నరు. పొద్దున ఒక్క ముంత తాగిన, అది నిజమే. వాళ్ళు అనంగ అనంగ ఇగ నాకే అనిపించింది. కన్ను మూతపడ్డదేమో, నాకు యాది లేదేమో అని. అక్కను నేనే సంపిన అనుకున్న." ఆగి మళ్ళీ అన్నాడు. "రెండేండ్లు గట్లనే అనుకున్న."

నేను రెండేళ్ళుగా ఆ మనిషిని జైలు కేసులో ఇరికించాననుకుని వచ్చాను. ఆయన చేతులు తిప్పాయో లేదో ఆయనకే తెలియకుండా చేశానని అప్పుడు తెలిసింది.

"జీపు పడ్డంక నువ్వు వచ్చి చూసినవా?" అని అడిగాడు.

"లేదు."

"ఎందుకు చూడలే? నీ చేతి పని గద."

బాలి గుమ్మం దగ్గర నిలబడి వింటోంది. ఆమె గొంతు పెంచలేదు.

"ఆ ముక్కలు దొరకకుంటె వచ్చెటోనివా?"

"కాదు," అన్నాను.

బాలి తల ఊపింది. పగిడయ్యతో కోయలో ఏదో అని, నన్ను రమ్మని ముందు నడిచింది. పగిడయ్య కొంచెం వెనకగా వచ్చాడు. నాలుగిళ్ళ అవతల ఒక ముసలమ్మ చింతపండు గింజ తీస్తూ కూర్చుని ఉంది. పగిడయ్య తల్లి. గోరి తల్లి కూడా. ఆమె పక్కన పదేళ్ళ ఆడపిల్ల. గోరి బిడ్డ. కూతురు పోయిన రోజు నుంచి ఆమె కొడుకుతో మాట్లాడలేదని, ఆ గడప ఆయన తొక్కలేదని బాలి దారిలో చెప్పింది. పగిడయ్య వాకిట్లోనే ఆగిపోయాడు.

"చెప్పు," అంది బాలి.

చెప్పాను. బాలి కోయలోకి మార్చి చెప్పింది. ముసలమ్మ ఏదో అడిగింది.

"ఇంకోసారి చెప్పమంటుంది."

మళ్ళీ చెప్పాను. మూడోసారి కూడా చెప్పించుకుంది. మూడోసారి నా నోటి నుంచి, "నేను అతికిన రాడ్డు విరిగింది," అన్న మాట వచ్చింది. మొదటి రెండుసార్లు నేను అనే మాట లేకుండానే చెప్పానని అప్పుడు తెలిసింది.

ముసలమ్మ లేచింది. నా పక్క నుంచి వాకిట్లోకి పోయింది. కొడుకు మణికట్టు పట్టుకుంది. చిన్నపిల్లవాణ్ణి లాగినట్టు లాగి ఇంట్లోకి తీసుకుపోయింది. లోపల నుంచి పగిడయ్య ఏడుపు వినిపించింది. మగమనిషి అలా ఏడవడం నేను ఎప్పుడూ వినలేదు.

నన్ను ఎవరూ తిట్టలేదు. ఎవరూ కూర్చోమనలేదు. ఆ పిల్ల మాత్రం నా వైపే చూస్తోంది.

బాలి వచ్చి, "వాయిదా వచ్చే నెల ఉన్నది. అక్కడ గూడ గిట్లనే చెప్పు," అంది. "ఇగ పో."

మార్చి 1, శనివారం

ఉదయ్ భాస్కర్ గారు వచ్చారు. ఆయన జీపును నేను ముట్టుకోలేదు. ఎలా వచ్చిందో అలాగే ఉంది. తుక్కు సామాను ఎవరిదో, ముందు అతికింది ఎవరో అంతా చెప్పాను. ఆయన ముఖం తెల్లబడింది.

"నా బిడ్డను ఎక్కించెటోణ్ని కదన్నా," అన్నారు. అది నాతో అన్నట్టు లేదు.

జీపు తీసుకుని వెళ్ళిపోయారు. షెడ్డుకు తాళం వేశాను.

మార్చి 10

పగిడయ్య వకీలు నాగలత గారిని భద్రాచలంలో కలిశాను. ముక్కలు ఆమె ముందు పెట్టాను. రంగు దిగిన చోటును భూతద్దం పెట్టి చూశారు. "సాక్ష్యం చెబితే మీ మీద కేసు వస్తుంది, తెలుసు కదా?" అన్నారు. తెలుసన్నాను.

మార్చి 25

రేపు వాయిదా. ఏమి చెప్పాలో నాలుగుసార్లు అద్దం ముందు అనుకున్నాను. అడిగిందానికే జవాబు చెప్పమన్నారు నాగలత గారు.

మార్చి 26, బుధవారం

చెప్పాను. రాడ్డు సంగతి, పైపు సంగతి, రంగు సంగతి. వెంకటప్పయ్య గారి జీపు సంగతి. నాగలత గారు అడిగినంతసేపు మాట తడబడలేదు. తర్వాత ప్రభుత్వ వకీలు లేచాడు.

"రెండు సంవత్సరాలు ఏమీ తెలియదన్నారు. ఇప్పుడు తెలుసంటున్నారు. అసలు ఈ రాడ్డు మీద మీకు అనుమానం ఏ రోజు వచ్చింది?"

తుక్కు సామాను వచ్చిన రోజు. అదే నేను అనుకుని పెట్టుకున్న జవాబు. నోరు తెరిచాను.

"జీపు పడ్డదని విన్న రోజే," అన్నాను.

కోర్టులో ఎవరో కుర్చీ జరిపారు. నాగలత గారు తల ఎత్తి నన్ను చూశారు. అందరికన్నా నేనే ఎక్కువ అదిరిపడ్డాను. ఆ మాట నాలో ఉందని నాకే తెలియదు. తెలియదని కూడా ఎలా రాయను?

ఆ రోజు టీ కొట్టు దగ్గర విన్నాను. స్టీరింగు తిరగలేదని డ్రైవరు అంటున్నాడట, తాగి ఉన్నాడట అని ఎవరో చెప్పారు. నా మనసులో మొదట మెదిలింది ఆ అతుకే. టీ సగంలో వదిలి షెడ్డుకు వచ్చాను. ఆ పైపులో మిగిలిన జానెడు ముక్క బల్ల కింద ఉంది. దాన్ని జేబులో వేసుకుని కాలువ దాకా నడిచి నీళ్ళలో పారేశాను. ఇంటికి వచ్చి తాగి నడిపాడంట అని పుల్లమ్మకు చెప్పాను. చెబుతుంటే నాకూ అదే నిజమనిపించింది. ఆ తర్వాత ఎప్పుడూ అదే నిజమనిపిస్తూ వచ్చింది.

ఈ కాలువ సంగతి ఇన్ని రోజులూ ఈ డైరీలో కూడా రాయలేదు. ఇది నేను తప్ప ఎవరూ చదవరు.

అదంతా కోర్టులో చెప్పాను. వెనక బెంచీ మీద పగిడయ్య, బాలి, ముసలమ్మ కూర్చుని ఉన్నారు. బాలి ముసలమ్మ చెవిలో చెబుతూనే ఉంది. ఈసారి ముసలమ్మ నన్ను చూసింది. ఆ చూపు గురించి రాయలేను.

మార్చి 27

పుల్లమ్మకు కాలువ సంగతి చెప్పాను.

ఏప్రిల్ 20, ఈస్టరు

అక్సా వచ్చింది. పుల్లమ్మ ముందే చెప్పినట్టుంది. నా పక్కన కూర్చుని, "కోర్టుల చెప్పినవంట గద నాయినా," అంది. అవ్ అన్నాను. ముగ్గురమూ చర్చికి వెళ్ళాము. వెనక వరసలో కూర్చున్నాను.

మే 14

నా మీద కేసు రాసుకున్నారు. స్టేషనుకు పోయి సంతకం పెట్టి వచ్చాను. పూచీకి వెంకటప్పయ్య గారు వచ్చారు. నేనెవరో, ఏం చేశానో ఇప్పుడు ఆయనకు అంతా తెలుసు. అయినా వచ్చారు. దేవుడిలా వచ్చావన్న మాట మాత్రం మళ్ళీ అనలేదు.

జులై 8, మంగళవారం

పగిడయ్య మీద కేసు కొట్టేశారని నాగలత గారు ఫోన్ చేశారు. రెండుసార్లు చెప్పించుకున్నాను.

జులై 17, గురువారం

ఈ రోజు పదకొండు గంటలప్పుడు ఇంటి ముందు ఒక జీపు ఆగింది. ఎవరో తెలియని మనిషి నడుపుతున్నాడు. పక్క సీటులోంచి పగిడయ్య దిగాడు.

పుల్లమ్మ లోపలికి రమ్మంది. రాలేదు. నీళ్ళు తాగాడు.

"ఈయన చర్ల కాడ బండి నడపనీకి పిలిచిండు," అని జీపు మనిషిని చూపించాడు. "రేపటి సంది నేనే నడపాలె. ముందు భాగం లేపి ఉన్నది. ఎవరు లేపిండ్రో ఎరుక లేదు. నువ్వు కింద చూడాలె."

"నేను పని మానేసిన పగిడయ్యా."

"చెయ్యమంటలేను. చూడమంటున్న."

నేను కదలలేదు. ఆయన కొంచెం దగ్గరికి వచ్చాడు.

"నిన్ను మాఫ్ చేసిన్నని కాదు మేస్త్రీ. మా అమ్మ చెయ్యదు, నేను చెయ్య. ఏడ విరుగుతదో నీకు తెలుసు. గందుకు వచ్చిన."

షెడ్డు తాళం తీశాను. మట్టి వాసన వచ్చింది. గోనెపట్టా పరిచి జీపు కిందికి పోయాను. టార్చి వేసి ముందు చక్రం నుంచి మొదలుపెట్టాను. కమాన్ కట్ట, షాకిల్, బ్రేకు పైపు, స్టీరింగు రాడ్డు. రాడ్డు ఒకే ముక్క. అతుకు లేదు. అయినా గుడ్డతో తుడిచి, ఈ చివర నుంచి ఆ చివర దాకా వేలితో తడిమాను. మళ్ళీ తడిమాను.

పక్కన ఏదో కదిలింది. పగిడయ్య చొక్కా విప్పి పెట్టి, నేల మీద వెల్లకిలా పడుకుని, నా పక్కకు జరిగి వచ్చాడు.

"చూపియ్యి," అన్నాడు.

ఒక్కొక్కటే వేలు పెట్టి చూపించాను. ఏది ఎక్కడ అరుగుతుందో, పగులు మొదట ఎక్కడ లేస్తుందో, దేన్ని ఎన్నాళ్ళకోసారి చూడాలో చెప్పాను. నేను చూపించిన ప్రతి చోటునూ ఆయన తన వేలితో మళ్ళీ తడిమాడు. నా మాట మీద దేన్నీ వదలలేదు.

మధ్యాహ్నం దాకా ఇద్దరమూ కిందే ఉన్నాము.